నొప్పి పోయిన కాలు

కువైట్‌లో దిగింది మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు. విమానం తలుపు తీయగానే ఎసరు మీది మూత తీసినట్టు వేడి ముఖాన కొట్టింది. పదిహేడేళ్లు ఫౌజులో చేసి హవల్దారుగా దిగిపోయినవాణ్ణి. రాజస్థాన్ ఇసుకలో పొర్లినవాణ్ణి. ఎండ నాకు కొత్తా అనుకున్నాను. కొత్తే.

పోస్టింగ్ సబ్హాన్‌లో ఒక గోడౌన్. సెక్యూరిటీ గార్డు పని. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, గంటకొక రౌండు. కిట్: వాకీటాకీ, లాఠీ, తాళాల గుత్తి, బరువైన బూట్లు. లోపల పన్నెండు వరసల్లో వాషింగ్ మెషీన్ల పెట్టెలు. కాంట్రాక్టు రెండేళ్లు. ఒంట్లో బాగాలేదని తేలితే మరుసటి వారమే ఇంటికి టికెట్టు.

రిగ్గైలో ఒకే గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. నేను, కెమెరాల ముందు కూర్చునే కంట్రోల్ బాషా, వ్యాన్ డ్రైవర్ సుబ్బన్న. బాషాది రాయచోటి. సుబ్బన్నది మా పక్క ఊరే.

జనవరిలో నడుము పట్టింది. తర్వాత నొప్పి ఎడమ పిర్ర నుంచి పాదం దాకా తీగలా దిగింది. కంపెనీకి చెప్పలేదు. ఫౌజులో సిక్ రిపోర్టు రాయించుకునేవాణ్ణి కామచోర్, పనిదొంగ అనేవాళ్లం. పదిహేడేళ్లలో ఆ పుస్తకంలో నా పేరు ఒక్కసారి ఎక్కలేదు. ఇంత బతుకు బతికి ఇంటెనక చచ్చినట్టు, ఇప్పుడు రాయించుకుంటానా?

గదిలో మాత్రం దాచలేకపోయాను. సూదుల మీద కచేరీ మొదలైంది. బాషా ఒకప్పుడు ఊళ్లో ఆరెంపీ దగ్గర కాంపౌండరు. సెలవు నుంచి వచ్చేవాళ్ల చేత నొప్పి మందు తెప్పించి పెట్టెలో దాచుకునేవాడు.

"పిర్రకు ఒగ సూదేస్తా అన్నా. అర్ధగంటలో లేసి పరిగెత్తుతావు."

సుబ్బన్న ఒప్పుకోలేదు. "అది సాయంత్రానికే దిగిపోతాదిరా. నాకు కడపలో ఎన్నులో, నరం పక్కన ఏసినారు. మూడు దినాలు గుణం ఏం తెల్లేదు. ఆ పైన మూడు నెలలు నొప్పే ల్యా. కాకపోతే దానికి స్కానింగు కావల్ల."

స్కానింగ్ అంటే కాగితం. కాగితం అంటే కంపెనీకి తెలియడం. నేను బాషాకే పిర్ర చూపించాను.

వారానికొకటి. తర్వాత రెండు. మార్చిలో ఒక రోజు సూది లేకుండానే నొప్పి పోయింది. పాదం చల్లగా, హాయిగా ఉంది. గెలిచాననుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున పది గంటలకు, దుమ్ము లేచింది. ఎండ ఇటుక రంగుకు తిరిగింది. రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకున్నాయి. గోడౌన్ కప్పులోని అద్దాల గుండా ఎర్రటి వెలుగు దిగుతోంది. పదకొండు గంటల రౌండుకు బయల్దేరాను. ఏడో వరసలో నా వెనక ఎవరో నడుస్తున్నారు.

నా బూటు పడుతుంది. వెంటనే చప్‌మని ఇంకో అడుగు. ఆగితే అదీ ఆగింది. తిరిగి చూస్తే పెట్టెలు. వరస మారాను. అదీ మారింది. లాఠీ తీశాను.

"కంట్రోల్, ఎనిమిదో వరసలో మనిషుండాడు. నా ఎనకాలే."

"ఎవరూ లేరన్నా. నువ్వొక్కడివే కనపడతాండావు."

"అడుగులు ఇనపడతాండాయి. సరిగ్గా చూడు."

కాసేపు గరగర. తర్వాత బాషా గొంతు మారింది.

"నాలుగడుగులు ఎయ్యన్నా."

వేశాను.

"ఆగు. ఆగన్నా. అది నీ ఎడమకాలే. పాదం పైకి లేస్తాలేదు. నేలకేసి కొడతాండావు."

కిందికి చూశాను. ఎడమ బూటు ముక్కు అరిగి తెల్లబడి ఉంది. పాదం లేపబోయాను. అది నా మాట వినలేదు. సరిహద్దులో ఎప్పుడూ పడనంత భయపడ్డాను. వాకీటాకీలో బాషా ఏడుస్తున్నాడు. "నేనే ఏసినా గదన్నా, నేనే ఏసినా."

ఆ రోజే సుబ్బన్న నన్ను హవల్లీలో ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాడు. లేడీ డాక్టర్, హైదరాబాద్ మనిషి. పరీక్ష అయ్యాక కూడా నాకు బుద్ధి రాలేదు.

"ఆ ఎన్నులో సూదేదో ఏసేయండి మేడమ్. రేపు డ్యూటీ ఉంది."

"పిర్రకేసేది నొప్పిని కప్పుతది, అంతే," అందామె. "వెన్నులో ఏసేది నరం చుట్టూ వాపు తగ్గిస్తది. కొందరికి కొన్ని నెలలు పనిచేస్తది, కొందరికి అస్సలు చెయ్యదు. పాదం పడిపోయినంక ఏ సూది మంచిదని అడగొద్దు. నరం నలుగుతున్నది, ఆపరేషన్ కావాలె. నొప్పి పోయిందన్నరు చూడండి, ఆరోజే రావాల్సింది మీరు."

కంపెనీకి తెలిసింది. మూడో రోజు ఇంటికి టికెట్టు. తిరుపతిలో ఆపరేషన్. పాదం సగమే తిరిగొచ్చింది. బూటులో ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని నడుస్తాను. నడుం పట్టినవాళ్లు ఏ సూది మంచిదని నన్ను అడగడానికొస్తారు. ముందు పాదం పైకి లేపి చూపించమంటాను. లేపలేకపోతే అప్పటికప్పుడు తిరుపతి బస్సెక్కిస్తాను.

వాళ్లకు చెప్పనిది ఒకటుంది. ఆ పరీక్షప్పుడు డాక్టర్ కళ్లు మూసుకోమంది. పిన్నుతో పాదం గుచ్చుతాను, తెలిసినప్పుడల్లా చెప్పమంది. మూసుకున్నాను. బయట దుమ్ము కిటికీ అద్దాన్ని రాసుకుంటోంది. చాలాసేపు ఎదురుచూశాను.

"మొదలుపెట్టండి మేడమ్," అన్నాను.

కళ్లు తెరిచాను. గుచ్చిన చోటల్లా ఆమె అప్పటికే పెన్నుతో గుర్తు పెట్టింది. బొటనవేలి నుంచి చీలమండ దాకా పదకొండు నీలం చుక్కలు.