తెల్లబారిన ఆకుపచ్చ రాయి

మా ఇంటావిడ చెల్లెల్ని వీధిలో ఎవరూ పేరుపెట్టి పిలవరు. ‘నిదానం’ అంటారు. రాయి చేతిలోకి తీసుకుంటే పొద్దు వాలినా దించదు. నేను పల్లెబడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణే అయినా, రాళ్లు సానబెట్టే కార్ఖానా సొంతంగా నిలబెట్టాను. నా దగ్గర పని నేర్చినవాళ్లు ఊరూరా కొట్లు పెట్టుకున్నారు. వాళ్లందరిలోనూ నేను గొప్పగా చెప్పుకునేది మా మరదలినే. పిల్లలు బడికెళ్లాక గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేనని వచ్చి సానచక్రం ముందు కూర్చుంది. మొదట్లో రాళ్లకంటే తన వేళ్లనే ఎక్కువ సానబెట్టుకుంది. ఇప్పుడు ఆవగింజంత రాయికి కూడా పలకలు పలకలుగా ముఖాలు తీరుస్తుంది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా, అరచేతిలో రాయి పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

అది ఒక నర్సు తెచ్చిన ఆకుపచ్చ జిర్కాన్. వాళ్లమ్మ చెవికమ్మలోది. అమ్మ గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే. అంచులు చిట్లాయి, సానబెట్టి ఉంగరంలో పొదగమంది. సాయంత్రం వస్తానంది.

సానబెట్టేటప్పుడు రాయిని లక్కతో పుల్లకు అతికిస్తాం. పనయ్యాక ఆ లక్క పోవడానికి జిర్కాన్‌ని వేడి ఆసిడ్‌లో వెయ్యాలన్నది నేను పెట్టిన పద్ధతే. జిర్కాన్‌కి ఆసిడ్ అంటే లెక్కలేదు. ఇన్నేళ్లలో ఒక్క రాయి చెడలేదు. మరదలూ అలాగే వేసింది. తీసి చూస్తే రాయి శుక్లం కమ్మిన కన్నులా తెల్లగా ఉంది.

“బావా, వాళ్లమ్మ గుర్తు చెరిపేశాను,” అంది. ఏడవలేదు.

మా తమ్ముడి కూతురు కాలేజీలో రాళ్ల శాస్త్రం చెబుతుంది. దానికి మొదటి భూతద్దం కొనిచ్చింది నేనే. వెంటనే ఫోన్ చేశాను. కొన్ని ఆకుపచ్చ జిర్కాన్లలో పుట్టుకతోనే కాస్త యురేనియం ఉంటుందట. అది కిరణాలు చిమ్ముతూ లోపల్నుంచి పక్కనున్న అణువుల్ని పొడుస్తూనే ఉంటుందట. కోట్ల ఏళ్లు అలా పొడిస్తే, తీరుగా ఉన్న వరసలన్నీ చెదిరి రాయి గుల్లబారుతుంది. మామూలు జిర్కాన్‌ని తాకలేని ఆసిడ్ అలాంటిదాన్ని కొరుకుతుంది.

“సానకి ఊరికే లొంగిపోతుంటే నా చెయ్యి తిరిగిందనుకున్నాను,” అని మరదలు తల కొట్టుకుంది.

వేడి చేస్తే ఆ వరసలు కొంత కుదురుకుంటాయని, అయితే రంగు మారొచ్చు, రాయి పగలొచ్చు అని కూడా ఫోన్‌లో చెప్పింది పిల్ల. రంగు మారాక అది వాళ్లమ్మది ఎలా అవుతుందని మరదలు పొయ్యి వెలిగించనివ్వలేదు. ఆసిడ్‌లో ఉన్నది కాసేపే కాబట్టి పైపొరే పోయుండొచ్చని ఆశ. ఒక్క ముఖాన్ని మళ్లీ చక్రానికి ఆనించింది. తుడిచి కిటికీ దగ్గర పట్టుకుంది.

లోపల ఆకుపచ్చ అలాగే ఉంది.

“ఉందమ్మా, ఉంది,” అన్నాను. పక్కనున్న పనివాడు నా భుజం పట్టుకున్నాడు. మిగిలిన ముఖాలన్నీ తీర్చేసరికి నర్సు రానే వచ్చింది.

మరదలు జరిగింది దాచకుండా చెప్పి, తర్వాతే గుప్పిట విప్పింది. రాయి కాస్త చిక్కిపోయింది. నర్సు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. వేలికి పెట్టుకుంటే ప్రమాదమా అని అడిగింది. దీన్నుంచి వచ్చే కిరణాలు చాలా తక్కువ, ఒంటికేం కాదని పిల్ల చెప్పిన మాట చెప్పాను. అప్పుడు ఆమె, “నేను రోజంతా మందునీళ్లతో చేతులు కడుక్కుంటాను. దీనికేమీ కాదు కదా?” అంది.

“అయితే ఉంగరం వద్దమ్మా, మెళ్లో వేసుకో. మీ అమ్మని నీళ్లలో నానబెట్టకు,” అంది మరదలు. నర్సు నవ్వేసింది. గొలుసు కొలత ఇచ్చి వెళ్లింది.

అప్పటికి గానీ మా మరదలికి ఆకలి తెలియలేదు. చల్లారిన అన్నం ముద్ద ముద్దకీ హమ్మయ్య అనుకుంటూ తింది. నేను చూసి నవ్వితే, “పద్ధతి పెట్టింది నువ్వు, నవ్వేదీ నువ్వేనా బావా, ఆ మంచినీళ్లు ఇటివ్వు,” అంది. ఇచ్చాను.