బానెట్ అచ్చు మీద దసరా బొట్టు

స్పోర్ట్స్ కారు కనబడితే మనవాళ్ళు ముందు ఇంజను గురించి అడుగుతారు. ఎంత వేగం పోతుందంటారు. ఆ వేగాన్ని మోసే ఒళ్ళు దేనితో చేశారో, ఎవరు చేశారో ఒక్కరూ అడగరు. మనం చెప్పబోతే "ఓ, ప్లాస్టిక్ బండా" అని తీసిపారేస్తారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను బడి ముఖం చూసినవాణ్ణి కాదు. కొత్తకోటలో పెద్దరోడ్డు పక్కన లారీల రేకులు సాపు చేస్తూ పెరిగాను. చదువు పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. తర్వాత బండ్ల గురించి ఏ పుస్తకం దొరికినా వదల్లేదు. ఇనుప రేకు నాకు చేతికి తెలుసు. సొట్ట పడితే వెనక దిమ్మె ఆనించి, ముందు నుంచి సుత్తితో కొడితే మాట వింటుంది. సాగిపోతే ఎర్రగా కాల్చి తడిగుడ్డ అద్దితే ముడుచుకుంటుంది. అల్యూమినియం అట్లా కాదు. అది ఎర్రబడదు, చెప్పాపెట్టకుండా కరిగి జారిపోతుంది. ఖరీదైన స్పోర్ట్స్ కార్లకైతే నల్లటి కార్బన్ గుడ్డకు జిగురు పట్టించి, గాలి పీల్చేసి, ఒత్తిడి పెట్టి పొయ్యిలో ఉడికిస్తారని చదివాను. అంత పొయ్యి మాకెక్కడిది? మాకు దొరికింది గాజుపీచు, అదే ఫైబర్‌గ్లాస్.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు కొత్తకోటలో రేకుపని పలచబడింది. జడ్చర్లలో ఒక ఫైబర్ షెడ్డులో చేరాను. బస్సుల బంపర్లు, నీళ్ళ ట్యాంకుల మూతలు చేసేవాళ్ళం. ఓనరు మా దిక్కు మనిషే, సేద్యం చేసిన ఇంటివాడు. చెడ్డవాడనను. కానీ తప్పు తన మీద వాలితే పక్కవాళ్ళ మీదికి దులిపేదాకా నిద్రపోడు. ఆ ఏడు బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి, పాత ఇంజను మీద రెండు సీట్ల పొట్టి స్పోర్ట్స్ కారు కట్టుకుంటున్నానని, దాని పైభాగాలన్నీ చేసివ్వమని అడిగాడు. ముందు బానెట్ చేసి చూపండి, నచ్చితే తలుపులూ, చక్రాల మీది ఫెండర్లూ మీకే అన్నాడు.

ఈ పని రేకుపనికి తలకిందులు. రేకుకు ఆకారం ముందు, రంగు చివర. గాజుపీచుకు రంగే ముందు. ముందు ఒక అచ్చు చేస్తారు. అది పడవలా పైకి తెరుచుకుని ఉంటుంది. దాని లోపలి ముఖం ఎంత నున్నగా ఉంటే రేపటి బానెట్ అంత నున్నగా వస్తుంది. ఆ ముఖానికి మైనం రుద్ది మెరుగు పెట్టాలి, ఆరనివ్వాలి, మళ్ళీ రుద్దాలి. ఆ మైనం మీద జెల్‌కోట్ అనే రంగుపొర. అది చేతికి అంటీ అంటకుండా ఉన్నప్పుడు గాజుపీచు పరిచి, రెజిన్ అనే జిగురు పోసి, గాలిబుడగ మిగలకుండా రోలరుతో నొక్కాలి. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీయాలి. మైనం సరిగా లేని చోట బానెట్ అచ్చును పట్టుకుంటుంది. అప్పుడు రెండూ పాడవుతాయి.

పీచు పరిచే పని ఒకావిడది. జడ్చర్ల పక్క పల్లె నుంచి ఆటోలో వచ్చేది. భర్తకు నడుము పడిపోయి, ఇల్లంతా ఆమె చేతి మీద నడుస్తోంది. నన్ను బాబాయి వరసన కాకా అనేది. లైటు గూడు దగ్గర మలుపుల్లో పీచు ముడత పడకుండా పరవడంలో ఆమెది మంచి చేయి. నేను రోజంతా అచ్చుకు మైనం రుద్దుతుంటే బంపర్లు చేసేవాళ్ళు "కాక మోల్డుకు నలుగు పెడ్తుండు, ఇగ లగ్గమే తరువాయి" అని నవ్వేవాళ్ళు.

అంతలో దసరా వచ్చింది. పండుగనాడు షెడ్డులో ఆయుధపూజ. సుత్తులు, కత్తెరలు, కంప్రెసరు అన్నిటికీ పసుపు కుంకుమ పడ్డాయి. చివరికి ఓనరు అచ్చు మీది దుప్పటి తీశాడు. వద్దన్నాను. మైనం చెడుతుందన్నాను. సుత్తికి బొట్టు పెట్టి, అన్నం పెట్టేదాన్ని వదిలేయాలా అని ఆయన అడిగాడు. నలుగురి ముందు ఏమంటాను? కారు ముక్కు వచ్చే చోట, లోపలికి వంగి, బొటనవేలితో ఇంత బొట్టు పెట్టాడు. సరే, దాని జోలికి ఎవరూ పోవద్దు, నేనొచ్చి తుడిచి మళ్ళీ మైనం పెడతానని చెప్పి కొత్తకోట బస్సెక్కాను.

పండుగ నాలుగు మెతుకులు తిన్నానన్న మాటే గాని మనసు అచ్చు మీదే ఉంది. కూర్చోలేను, నిలబడలేను. సెలవు అయిపోక ముందే తిరిగి వచ్చాను. వచ్చేసరికి జెల్‌కోట్ కొట్టేశారు, పీచు కూడా పరిచేశారు. బెంగళూరు ఆయన తొందరపెట్టాడట. బొట్టు ఏమైందన్నాను. తుడిచాం, అంతా బాగానే ఉందని ఓనరు ఫోను చెవిన పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను ఆ అచ్చు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

ఊడదీసేనాడు చెక్క మేకులు దోపాం. అంచుల్లో నీళ్ళు పోశాం. అరచేతులతో తట్టాం. మూడు వైపులా వదిలింది, ముక్కు దగ్గర వదల్లేదు. ఓనరు ఆగలేక ఇనుపరాడ్డు దోపి ఎత్తాడు. ఫెళ్ళుమంది. బానెట్ ముక్కు మీది రంగు అచ్చుకు అంటుకుపోయింది, అచ్చు ముఖం అరచేతి మేర లేచి వచ్చింది. ఊడిన పెచ్చు మీద లేత ఎరుపు కనబడుతోంది.

ఆయన ఒక్క క్షణం చూశాడు. తర్వాత పీచు పరిచిన ఆవిడ వైపు తిరిగి, పరిచేముందు చూసుకోవాలని తెలియదా, రేపటి నుంచి రావద్దు అన్నాడు. ఆమె చేతి గ్లవుసులు తీసి బల్ల మీద పెట్టింది. బంపర్ల వాళ్ళు నేలచూపులు చూశారు. తుడిచిందెవరో వాళ్ళందరికీ తెలుసు. పండుగ మర్నాడు కుంకుమ మరక పోవడం లేదని ఓనరే థిన్నర్ గుడ్డతో గట్టిగా రుద్దాడట. థిన్నర్ మరకతో పాటు మైనాన్నీ తినేస్తుంది. మైనం లేదేమో సారూ అని ఆమె అడిగితే, కానీయమన్నాడట. ఇదంతా మేకులు దోపేటప్పుడు ఆమే నా చెవిన వేసింది.

నాకు ఆగలేదు.

"బొట్టు వెట్టింది మీరు. తుడ్సింది మీరు. ఆమెనెందుకు వొమ్మంటున్నరు?"

"పండుగ పూట బొట్టు వెడ్తె తప్పు వడ్తవా పెద్దాయనా? దేవుని కాడ గూడ లెక్కలేనా నీకు?"

"బొట్టు తప్పంటలేను. తుడ్సి చెప్పకపోవుడు తప్పు. దేవుణ్ణి నడుమ నిలవెట్టకుండ్రి."

ఆయన ముఖం నల్లబడింది. నీకూ ఇష్టం లేకపోతే దారి అటుందని చెయ్యి చూపించాడు. నేను సంచి అందుకున్నాను. గేటు దాకా వచ్చానో లేదో, ఆమె వెనకే వచ్చి సంచి పట్టుకుంది. నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను.

"కాకా, నీ కోపం ఇంటికి తీస్కపో. చేతులు మాత్రం ఈడ్నే ఉంచు. మోల్డు బాగైతెనే నాకు పనుంటది. నువ్వు వోతె నా మీద వడ్డ మాట గట్లనే ఉంటది."

తిరిగి వచ్చాను. ఓనరు నన్ను ఆపలేదు. బెంగళూరు ఆయనకు జవాబు చెప్పుకోవాలి కదా. ఆమె పనిలో ఉందో లేదో ఎవరూ చెప్పలేదు. అయినా మర్నాడు వచ్చింది, చీపురు పట్టి షెడ్డు ఊడ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పీచు ముట్టుకోమని ఆయన అనడు, ముట్టుకోవద్దనీ అనడు. ఈ మధ్యలో వేలాడదీయడం ఉందే, అది పొమ్మనడం కన్నా హీనం. నేను అచ్చు పెచ్చు లేచిన చోట గీకి, పూత నింపి, తడిపిన గరుకు కాగితంతో రుద్దుతూ ఉన్నాను. నా కోపమంతా ఆ రుద్దడంలోకే పోయింది. వేలితో తడిమితే అతుకు తగలనంత వరకు రుద్ది, మైనం పెట్టాను.

రెండోసారి జెల్‌కోట్ ఆరాక పీచు పరవడానికి బంపర్ల మనిషిని పిలిచాడు ఓనరు. అతను లైటు గూటి మలుపును చూసి, నాతోని కాదన్నాడు. నిజంగానే కాదో, కావాలనే అన్నాడో ఇప్పటికీ తెలియదు. అప్పటికే రెజిన్‌లో మందు కలిపేశారు, ఇక ఆగదు, డబ్బాలోనే గట్టిపడిపోతుంది. ఆమె చీపురు పక్కన పెట్టి, ఎవరినీ అడగకుండా గ్లవుసులు తొడుక్కుంది.

ఊడదీసేనాడు ఇనుపరాడ్డును నేనే దాచిపెట్టాను. చెక్కమేకులు, నీళ్ళు, అరచేతులు. ముక్కు దగ్గర కాసేపు బిగుసుకుని, బానెట్ ఒక్కసారిగా వదిలి తేలినట్టు పైకి వచ్చింది. ఎండలో దానిలో ముఖాలు కనబడ్డాయి. ఓనరు ఫోటోలు తీసి బెంగళూరుకు పంపాడు. ఫెండర్లు కూడా మీకే అని జవాబొచ్చింది.

అప్పుడు నా దగ్గరికి వచ్చి, రేపు రమ్మని ఆమెకు చెప్పు అన్నాడు. ఆమె నాలుగడుగుల దూరంలో ఉంది.

"ఆడ్నే ఉన్నది. మీరే చెప్పుండ్రి" అన్నాను.

ఆయన అటు కదిలాడు, ఇటు కదిలాడు. చివరికి ఆమె ముఖం కాదు, బానెట్ చూస్తూ అన్నాడు.

"ఫెండర్ల పనున్నది. రేపు జర జల్ది రా."

ఆమె తలూపింది. తప్పు నాది అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. అది ఆమెకు అక్కర్లేదేమో. నాకు కావాలి. ఇన్నేళ్ళయినా ఇంకా కావాలనే ఉంది.