మహ్జూబా ఏప్రాన్ ముడి

మహ్జూబాకు కోపం వస్తే ముందు ఏప్రాన్ విప్పుతుంది, ఆ తర్వాతే నోరు విప్పుతుంది. అస్ఫీ రేవులో కవళ్ల చేపల్ని డబ్బాలకెక్కించే ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మేస్త్రీలకైతే ఇంకా బాగా తెలుసు.

రేవులో ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో సైరన్. పడవలు కనపడగానే కూత వేస్తారు. ఎంత గాఢనిద్రలో ఉన్నా ఏ కూత తమదో గుర్తుపట్టి ఆడవాళ్లు పరుగెత్తుకొస్తారు. వచ్చాక చేప దిగేదాకా గేటు బయట పడిగాపులే. కత్తి పట్టిన దగ్గర్నుంచే కూలి లెక్క, కూర్చున్న గంటలకు చిల్లిగవ్వ రాలదు. మహ్జూబా తల్లి సగం జీవితం ఆ గేటు దగ్గరే, రొట్టెముక్క ఒళ్లో పెట్టుకుని, ఎండకు ఎండి వానకు తడిసింది. చివరికి మోకాళ్లు పట్టేసి, మంచానపడి కన్నుమూసింది. ఆ గంటలకు కూలి ఇప్పించాలన్నది కూతురి పంతం.

చేరిన కొత్తలోనే ఒక మేస్త్రీ, పక్కన చేపలు కోస్తున్న ముసలామెను గాడిద అన్నాడు. మహ్జూబా ఏప్రాన్ విప్పి, నడుస్తున్న బెల్టు మీద పడేసి బయటకు నడిచింది. వెనకే స్నేహితురాలు తామూ, తామూ వెనక వరుసంతా. మిగతా పని చేపలే చూసుకున్నాయి. కంపు ముక్కుకు తగిలేసరికి యజమాని చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా గేటు దగ్గరకు వచ్చి బతిమాలాడు. లేచి వెళ్తేనే పనవుతుందన్న మాట ఆ రోజు నుంచి ఆమెకు శిలాశాసనం.

యూనియన్ పెట్టాక ఆమె ఒక నియమం కూడా పెట్టింది. సమ్మె వేళ వరుస తప్పి దొంగచాటుగా పనికి వెళ్లినదాన్ని కొట్టకూడదు, తిట్టకూడదు. శుక్రవారం అందరూ కలిసి గోధుమరవ్వ కుస్కుస్ తిన్నాక దాని చేతే అందరికీ టీ పోయించాలి. చివరి గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఒక్క మాట మాట్లాడకూడదు. మిషన్ల రొదను మించి అరవడం అలవాటైన ఆ ఆడవాళ్ల మధ్య మౌనం కంటే పెద్ద శిక్ష లేదు. ఒకసారి సమ్మెలో, పిల్లాడి జ్వరానికి మందులు కొనాలని తామూ పనికి వెళ్లింది. మహ్జూబా తన ప్రాణస్నేహితురాలి చేత కూడా టీ పోయించింది. తామూ పోసింది, కానీ మరిచిపోలేదు.

జుట్టు నెరిశాక మహ్జూబాను జనం పార్లమెంటుకు పంపారు. భర్త బూషుఐబ్ వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తకుండా అడిగాడు.

"అక్కడ ఏప్రాన్ ఉండదు కదే. మరి కోపమొస్తే ఏం చేస్తావు?"

"కోపం రాదులే. మెత్తటి కుర్చీలంట."

"నీకా? రాదా? సముద్రానికి ఉప్పు లేదన్నట్టుంది."

రాజధాని రబాత్‌లో ఆమె నోరు బాగానే పనిచేసింది. ఎదురుచూసిన గంటలకు కూలి అన్న మాటను కార్మిక చట్టంలో చేర్చాలని ఏడాదంతా ఒక్కొక్కరి వెంటపడింది. క్యాంటీన్‌లో వదల్లేదు, మెట్ల మీద వదల్లేదు. ఒకాయన ఆమె నుంచి తప్పించుకోబోయి ఆడవాళ్ల నమాజు గదిలోకి దూరాడని కూడా చెప్పుకుంటారు. మొత్తానికి ఓటింగు రోజుకు గెలిచేంత బలం కూడగట్టింది.

ఆ రోజు యజమానుల వైపు సభ్యుడొకాయన టై సర్దుకుంటూ లేచి, అమ్మగారన్నట్టు 'లల్లా' తగిలించి అడిగాడు.

"గేటు దగ్గర కూర్చుని ఊసులాడుకోవడం కూడా పనేనా, లల్లా మహ్జూబా? అలాగైతే మా ఆవిడకు నేను చాలా బాకీ."

సభ గొల్లుమంది. మహ్జూబాకు గేటు దగ్గరి తల్లి కళ్లముందు మెదిలింది. చెయ్యి నడుముకు పోయింది. ఏప్రాన్ లేదు. కళ్లజోడు తీసి బల్ల మీద కొట్టి బయటకు నడిచింది. ఆమె మాటంటే గౌరవమున్న నలుగురైదుగురు వెంట నడిచారు.

వరండాలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఇప్పుడొస్తారు, చెప్పుల్లేకుండా వస్తారు. ఎవరూ రాలేదు. టీ పళ్లెంతో ఒక ముసలి బంట్రోతు మాత్రం అటుగా వచ్చాడు.

"ఓటింగు అయిపోయిందమ్మా. మీ మాట ఓడిపోయింది."

"మేం లేకుండానా? పని ఆగలేదా?"

"ఆగడమేంటమ్మా! మీరు బయటికొచ్చారుగా, గబగబా తేలిపోయింది. మీరంతా లోపలుంటే గెలిచేవారే."

 ఇక్కడ కుళ్లిపోయే చేపలు లేవని ఆమెకు అప్పుడు తట్టింది.

శుక్రవారం తామూ ఇంట్లో అందరూ చేరారు. టీవీలో అందరూ చూశారు కాబట్టి చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

"వరుస తప్పినదానికి నియమం ఎవరు పెట్టారే?" అంది తామూ.

"నేనే."

"అయితే టీ కూజా ఎత్తు."

మహ్జూబా టీ పోసింది. ఒక్కరూ మాట్లాడలేదు. నీళ్లలో నాని పగిలిన ఆ వేళ్లకు ఒక్కో గ్లాసు అందిస్తుంటే ఆమెకు చచ్చేంత సిగ్గేసింది. ఓట్లు వేసి పంపింది వీళ్లు. తను చూసుకున్నది తన కోపం. చివరి గ్లాసు ఖాళీ అయ్యాక తామూ మూతి తుడుచుకుంది.

"పంచదార తక్కువైంది," అంది. "ఇన్నేళ్లు నాయకత్వం చేశావు, టీ పెట్టడం రాలేదు."

నవ్వులతో ఇల్లు మారుమోగింది. తామూ లోపలికి వెళ్లి తన పాత ఏప్రాన్ తెచ్చి మహ్జూబా ఒళ్లో పడేసింది.

"ఇదిప్పుడు విప్పడానికి కాదు. కుర్చీకి కట్టుకో."

"వేళాకోళమా?"

"కాదే. చేపనీళ్లలో తడిసినా జారకుండా వేస్తాం చూడు, ఆ ముడే వెయ్యి. నీ బుద్ధి ఆగకపోయినా నడుమన్నా ఆగుతుంది."

పై సభలో యూనియన్లవాళ్లు పట్టుబట్టి ఆ మాటను మళ్లీ చట్టంలో చేర్చారు. చట్టం ముసాయిదా మహ్జూబా ఉన్న సభకు మళ్లీ ఓటింగుకు వచ్చింది. ఓటింగు నాడు మహ్జూబా అందరికంటే ముందే వెళ్లి, జలాబా అనే పొడవాటి అంగీ కింద ఏప్రాన్ కట్టుకుని, దాని నాడాలను పక్క చీలికల్లోంచి బయటికి తీసి కుర్చీ వెనక గట్టిగా ముడేసింది. పైన సందర్శకుల వరుసలో తామూ కూర్చుంది.

టై పెద్దమనిషి లేచాడు.

"లల్లా మహ్జూబా ఈసారి ఎప్పుడు వెళ్తున్నారో చెబితే మేం తలుపు తీసి ఉంచుతాం."

ఆమె చివాలున లేవబోయింది. కుర్చీ కిర్రుమంది. ముడి బిగిసింది. పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తింది. ఈసారి గెలిచింది.

ఆమె వైపువాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మహ్జూబాకు తల్లి గుర్తొచ్చింది, ఒళ్లోని రొట్టెముక్క గుర్తొచ్చింది. ఏడుపు ముంచుకొచ్చింది. బయటికిపోయి ఎవరూ చూడకుండా ఏడుద్దామనుకుంది. ముడి వదల్లేదు. దాంతో సభంతా చూస్తుండగా అక్కడే కూర్చుని ఏడ్చింది.

"లేవవే, గెలిచాం!" పైనుంచి తామూ అరిచింది. మాట్లాడకూడదని కాపలావాడు ఆమె వెంటపడ్డాడు.

"ముడి ఊడిరావట్లేదే!"

సంగతి చూసి ముసలి బంట్రోతు కత్తెర తెచ్చాడు. మహ్జూబా జలాబా కొసతో కళ్లు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ ఇంకా ఓటింగులున్నాయా అన్నా?"

"ఉన్నాయమ్మా. సాయంత్రం దాకా."

"అయితే కత్తెర సాయంత్రం పట్రా."