పక్కింటి తివాచీ మీద కొవ్వొత్తి మైనం

ముప్పై నాలుగేళ్లు హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. రిటైరైన మూడో నెలకల్లా నరసరావుపేటలోని మా ఇంట్లో నేను చేయగల పనులన్నీ అయిపోయాయి. ఫ్యాన్లకు నూనె వేశాను. కుళాయిల వాషర్లు మార్చాను. పప్పుల డబ్బాలన్నిటికీ పేర్లు రాసి చీటీలు అంటించాను. ఒకరోజు కందిపప్పు చీటీ ఉన్న డబ్బాలో మినప్పప్పు కనిపించింది. ఇదేమిటని మా ఆవిడను అడిగితే, "చీటీ మార్చుకోండి, పప్పు మార్చే తీరిక నాకు లేదు" అంది.

అలాంటి రోజుల్లో రెంటచింతల నుంచి పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. అక్కడి బడిలో ఇద్దరం కలిసి పనిచేశాం. ఈస్టర్ వస్తోందని, బజారు కొవ్వొత్తులు ఆ ఊరి ఎండకు వెలిగించకముందే వంగిపోతున్నాయని మాటల్లో చెప్పాడు. "సైన్సు మాస్టారివి గదా, వంగని కొవ్వొత్తి ఒకటి చెయ్యరాదూ?" అని నవ్వాడు. వాడు నవ్వులాటకే అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి, చెప్పులేసుకుని బజారుకు పోయి రెండు కిలోల మైనం పలకలు తెచ్చాను.

మా ఆవిడ నన్ను వంటింటి గడప దాటనివ్వలేదు. "నెయ్యి కాచే చోట మైనం కాస్తారా? ముందు అవతలికి నడవండి" అంది. కరెంటు పొయ్యి, పాత గిన్నె, ఆమె దీపాల కోసం చేసుకున్న ఒత్తుల్లో సగం పట్టుకుని హాల్లోకి వచ్చాను.

హాల్లో ఒక మూల పక్కింటివాళ్ల తివాచీ చుట్టి నిలబెట్టి ఉంది. రంజాన్‌కు ముందు వాళ్లింటికి సున్నాలు వేయిస్తున్నారు. పక్కింటావిడ మా ఆవిడను వదినా అనీ నన్ను అన్నయ్యా అనీ పిలుస్తుంది. పాతికేళ్ల కిందట తన పెళ్లికి తండ్రి ఇచ్చిన తివాచీ అది. సున్నం చుక్కలు పడతాయని భయపడి మా ఇంట్లో దాచింది. దాచేటప్పుడు ఒక్కటే మాట చెప్పింది. "అన్నయ్యా, చుట్టింది చుట్టినట్టే ఉంచండి, తెరవబాకండి."

నేల మీద కూర్చుంటే నాకు మోకాళ్లు నొప్పి. తెరిచాను.

కాఫీపొడి రంగులో ఉన్న దళసరి తివాచీ అది. దాని మీద హాయిగా బాసింపట్టు వేసుకుని మైనం కరిగించాను. అచ్చులుగా ప్లాస్టిక్ గొట్టం ముక్కలు కోసి, అడుగున టేపు అంటించి, మధ్యలో ఒత్తులు వేలాడదీసి వరసగా నిలబెట్టాను. నాలుగు గొట్టాల నిండా మైనం పోశాను. వేడికి ఏ పదార్థం మెత్తబడుతుందో తరతరాల పిల్లలకు చెప్పినవాణ్ణి. టేపుకు ఉన్న జిగురు కూడా వేడికి మెత్తబడుతుందని అప్పుడు తట్టలేదు. నేను అయిదో గొట్టం అందుకునేలోపు నాలుగు గొట్టాల అడుగులూ ఊడి, మైనమంతా తివాచీలోకి దిగిపోయింది.

నా కేకకు మా ఆవిడ వచ్చి చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మైనం చుట్టూ ఒకసారి తిరిగింది. తరవాత, "వంటిల్లయితే గచ్చు, గీకితే పోయేది" అంది. నన్ను వంటింట్లోకి రానివ్వనిది తానేనన్న సంగతి గుర్తు చేయడానికి అది సమయం కాదనిపించింది.

ముందు ఐసు ముక్కలు కవర్లో వేసి మైనం మీద పెట్టాను. గట్టిపడ్డాక చెంచాతో గీకితే పెచ్చులు పెచ్చులుగా లేచింది. అన్నం పళ్లెమంత మచ్చ మిగిలింది. దాని మీద దినపత్రిక పరిచి ఇస్త్రీ పెట్టె నడిపాను. కాగితం మైనాన్ని పీల్చుకుంది. "చూశావా, సైన్సు" అంటూ కాగితం ఎత్తాను. మైనం వచ్చిన మాట నిజమే. దానికి బదులుగా బట్టల దుకాణం ప్రకటన తివాచీ మీదికి దిగింది. తిరగేసిన అక్షరాల్లో ఏదో శాతం తగ్గింపు అని ఉంది.

"ఇప్పుడు పక్కింటి పిల్లకు చీరలు సగం ధరకు ఇప్పిస్తారా?" అంది మా ఆవిడ.

ఫోన్లో వెతికితే వంటసోడా చల్లి పైన వెనిగర్ పొయ్యమన్నారు. పోశాను. బుసబుసా నురగ లేచింది. ఆ నురగ చూడగానే నాకు తరగతి గదిలో ఉన్నట్టే అనిపించి, ఆమ్లమూ క్షారమూ కలిస్తే ఏం జరుగుతుందో మొత్తం వివరించాను. ఆమె ఓపిగ్గా విని, "చివరికి ఏం మిగుల్తుంది?" అని అడిగింది.

"ఒక రకం ఉప్పు, నీళ్లు."

"అంటే ఇంతసేపూ ఉప్పునీళ్లతో కడిగారా?"

నా ఉద్యోగ జీవితంలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న అది.

ఆమె లోపలికి పోయి కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్లలో నానబెట్టి తెచ్చింది. చేత్తో నురగ తీసి మచ్చకు పట్టించింది. మెత్తటి బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచింది. మూడోసారి తుడిచేసరికి అక్షరాలు పోయాయి. నాలుగోసారికి మచ్చ పోయింది. అయిదోసారి గుడ్డ ఎత్తి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మచ్చ ఉన్న మేర దానిమ్మ గింజల్లాంటి ఎరుపు, దాని మధ్యలో నీలం రంగు పువ్వొకటి. చుట్టూ మాత్రం అదే కాఫీపొడి.

తివాచీ అసలు రంగు అది. మేం చూస్తున్నది పాతికేళ్ల దుమ్ము.

"దాని మీద టీ డికాక్షన్ పోస్తే మళ్లీ కలిసిపోతుందేమో" అన్నాను.

మా ఆవిడ బ్రష్షు నా చేతిలో పెట్టింది. "మొత్తం కడగండి" అని బాల్చీ చూపించింది.

రెండు రోజులు డాబా మీద కడిగాం. ఇంట్లో కుంకుళ్లు అయిపోతే బజారు నుంచి మళ్లీ తెచ్చాను. బాల్చీ బాల్చీకీ కాఫీ రంగు నీళ్లు దిగుతూనే ఉన్నాయి. నా చేతులు నానిపోయి ముడతలు పడ్డాయి. ఎండలో పెడితే రంగు వెలుస్తుందని నీడన ఆరేశాం. మూడోనాటికి పిట్టగోడ మీద పరుచుకున్న తివాచీని చూస్తే, నేనే నేసినంత గర్వంగా ఉంది. ఆ గర్వంలో ఉండగానే పక్క డాబా మీదికి బట్టలారేయడానికి పక్కింటావిడ వచ్చింది.

"అన్నయ్యా, ఎవరిది ఈ తివాచీ? చానా బాగుందే! యాడ కొన్నారు?"

మా ఆవిడ నా వైపు చూసింది. చెప్పుకోవాల్సింది నేనేనని ఆ చూపు. గొంతు సవరించుకుని, "చెల్లెమ్మా, అది మీదే" అన్నాను.

"మాది కాఫీ రంగుది గదన్నయ్యా."

మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పాను. గొట్టాలు, టేపు, ఇస్త్రీ, చీరల ప్రకటన, ఏదీ దాచలేదు. ఆమె తడిబట్ట అలాగే చేత్తో పట్టుకుని విన్నది. విని మెట్లు దిగి, మా మెట్లెక్కి వచ్చి తివాచీ అంచు పట్టుకుని చూసింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

ఆమె పిట్టగోడ మీంచి వంగి, వాళ్ల వాకిట్లో డబ్బాలో సున్నం కలుపుతున్న భర్తను కేకేసింది. "ఏమండీ! పైకి రండి! ఎర్రదో కాదో మీ కళ్లతో మీరే చూడండి!"

అసలు సంగతి తరవాత చెప్పింది. వాళ్ల నాన్న ట్రంకు పెట్టెలు చేసి కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొన్నాడట. పెళ్లినాడు ఆ తివాచీ ఎర్రగా ఉండేదని ఆమెకు బాగా గుర్తు. ఏటేటా కాస్త కాస్తగా రంగు మారడంతో భర్త ఆ ఎరుపు మర్చిపోయి, మొదటి నుంచీ కాఫీ రంగుదేనని వాదించేవాడు. అలా వాదించీ వాదించీ, తనకే మతి తప్పిందేమోనని ఆమెకు అనుమానం పట్టుకుందట.

"మా నాయన ఎర్రదే ఏరుకున్నాడు వదినా. నాకు ఎరుపు ఇష్టమని" అంటూ మా ఆవిడ భుజం పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నేను బాల్చీ తీసుకుని పక్కకు జరిగాను.

ఆయన పైకొచ్చాడు. తివాచీ చూశాడు, భార్యను చూశాడు, చివరికి నన్ను చూసి, "ఎంత పని చేశారు మాస్టారూ" అన్నాడు. పాతికేళ్ల వాదన ఓడిపోయిన మనిషి గొంతు అది.

రంజాన్ నెలవంక కనిపించకముందే వాళ్లింటి సున్నాలు పూర్తయ్యాయి. ఒక సాయంత్రం మమ్మల్ని టీకి పిలిచారు. తెల్లటి గోడల మధ్య ఎర్ర తివాచీ హాలంతా పరుచుకుని వెలిగిపోతోంది. దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదని ఆమె కొత్త నియమం పెట్టింది. తివాచీకీ గోడకూ మధ్య మిగిలిన మూరెడు గచ్చు మీద నాలుగు కుర్చీలు వేసి ఉన్నాయి. మేం నలుగురం కాళ్లు కుర్చీల కిందికి ముడుచుకుని, నాలుగు గోడలకూ ఆనుకుని కూర్చున్నాం. ఆయన లేచి, టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని, గోడకు వీపు రాసుకుంటూ పక్కవాటుగా నడిచి ఒక్కొక్కరికీ అందించాడు. కొత్త సున్నమంతా ఆయన చొక్కాకే అంటుకుంది.

"చొక్కా సంగతి రేపు చూద్దాం లెండి" అంది ఆమె, తివాచీ మీంచి కళ్లు తిప్పకుండానే.