నాలుగు కేజీల గుండు

ఈ పొద్దున బెల్లం కోసం రామచంద్రపురం బజారులో వరలక్ష్మి గారి కిరాణా కొట్టుకి వెళ్ళాను. ఆవిడ తూస్తుండగా తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. కాటా పళ్ళెంలో తూకం రాయికి బదులు నున్నటి ఇనప గుండు కనిపించేసరికి అతగాడి కళ్ళు మెరిశాయి.

"దీని మీద గవర్నమెంటు ముద్ర ఏదండీ?"

"అది షాట్‌పుట్ గుండండి. సరిగ్గా నాలుగు కేజీలు."

పెళ్ళికి ముందు ఆవిడ రాష్ట్ర ఛాంపియన్. కాపురానికొచ్చాక గుండుని పాత ఇనుముకి వేసేయమన్నారట అత్తగారు. కొట్లో తూకానికి పనికొస్తుందని చెప్పి ఈవిడే దక్కించుకున్నారు.

ఇన్‌స్పెక్టరు తూచి చూశాడు. గ్రాము తేడా లేదు. అయినా ముద్ర లేదు కాబట్టి పట్టుకుపోతానంటూ కాగితం తీశాడు.

"ఇదివరకు దీన్ని దేనికి వాడేవారు?"

"విసరడానికండి."

"ఎంత దూరం?"

ఆవిడ గుండుని అందుకుని, మెడకి ఆనించుకుని, వీధి అవతలికి చూశారు.

"అదిగో, మీ జీపు ఉన్నంత దూరమండి."

ఇన్‌స్పెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. డ్రైవర్ని కేకేసి జీపుని సందు చివరికి తీయించాడు. గుండు మళ్ళీ కాటా ఎక్కింది.

ఇందులో బెదిరింపు ఏముందో మీరే చెప్పండి. ఆయన అడిగాడు, ఆవిడ చెప్పారు!