లెక్కలోకి రాని క్యాబేజీ ముక్క

హొక్కైడోలోని ఆ ఊళ్లో కజుయోకి "ఏం తిన్నావమ్మ" అని పేరు పెట్టారు. ఆరోగ్య కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా ఆవిడ పని అదే. ఎవరికి విరేచనాలు పట్టుకున్నా ఇంటికెళ్లి, వారం రోజులుగా ఏం తిన్నారో పూటపూటా రాసుకురావాలి.

ఆ ఆగస్టులో రక్త విరేచనాలతో మొదటిరోజు ఇద్దరు ఆసుపత్రిలో చేరారు. నాలుగోరోజుకి పదకొండు మంది, అందరూ ముసలివాళ్లే. ఏ బాక్టీరియానో తేలింది కానీ, ఏ తిండితో వచ్చిందో తేలలేదు. అది తేలితేనే అమ్మకం ఆపించగలరు.

ఐదోరోజు కజుయో తోకుజో ఇంటికి వెళ్లింది. ఆయన భార్య ఉమే ఆసుపత్రిలో ఉంది. ఆయన టీ పోసి, పక్కన చిన్న పళ్లెంలో, కొట్లో కొన్న ఉప్పులో ఊరేసిన క్యాబేజీ పెట్టాడు.

"తీసుకో అమ్మాయ్."

"డ్యూటీలో తినకూడదు తాతగారూ. మామ్మగారు ఆదివారం రాత్రి ఏం తిన్నారు?"

"ఏముందీ, అన్నం, చారు, కాల్చిన చేప."

"ఇంకేం లేదా?"

"ఇంకేం ఉంటుంది? మేమేమైనా జమీందార్లమా?" అంటూ ఆయన ఓ ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలాడు.

కజుయో "అన్నం, చారు, చేప" అని రాసుకుంది. ఊరేసిన కూరని అక్కడెవరూ తిండి కింద లెక్కెయ్యరు. ఆవిడా ఆ ఊళ్లో పుట్టిందే.

ఎనిమిదోరోజు, వృద్ధాశ్రమంలో పనిచేసే ఫిలిప్పీన్స్ పిల్ల మరివిక్ కూడా మంచం పట్టింది.

"చేప నాకు పడదండీ. అన్నం, మీ ఉప్పు క్యాబేజీ, అంతే."

కజుయో కలం ఆగిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. సాయంత్రానికల్లా ఆ క్యాబేజీ ఊరేసే కార్ఖానా మూయించారు. అప్పటికి రోగులు ముప్పై నలుగురు. మర్నాడు తోకుజోని కూడా ఆసుపత్రిలో చేర్చారు. ఆయన ఇంటికి తిరిగి రాలేదు.

ఎవరూ కజుయోని తప్పుపట్టలేదు. ఆ మూడు రోజుల ఆలస్యం తనదేనని ఆవిడకి తెలుసు. ఉమే కోలుకున్నాక వెళ్లి, తోకుజో ఫోటో ముందు తల వంచింది.

"ఆ పళ్లెం నా ఎదురుగానే ఉంది మామ్మగారూ. చూసి కూడా అడగలేదు."

ఉమే ఆవిడకి టీ పోసింది.

"నువ్వొచ్చెళ్లిన రోజే నన్ను చూడ్డానికొచ్చి నీ గురించే చెప్పాడమ్మా. నేను మంచం పట్టినప్పట్నించీ నోటికేదీ సహించలేదట. 'ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుంటే, ఇవాళే ఓ ముక్క తినబుద్ధయింది' అన్నాడు."