యంత్రాల అలక తీర్చే లింగమూర్తి

భైంసాలో జైపాల్‌రావు జిన్నింగు మిల్లులో ఇరవై ఏళ్లుగా మిస్త్రీగా ఉన్న లింగమూర్తి లెక్కలో ఏ యంత్రమూ చెడిపోదు. అలుగుతుంది, అంతే. పంపు నీళ్లు పోయకపోతే అలిగింది. బెల్టు తెగితే బాగా అలిగింది. మోటారు కాలి పొగలు కక్కినా, "పాపం, ఎవరేమన్నరో ఏమో" అనేవాడు.

నవ్వుదామంటే కుదరదు. ఆయన చెయ్యి వేస్తే అవి లేచి కూర్చునేవి మరి. నడుస్తున్న యంత్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, లోపల ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే. మిల్లులో కొత్తగా చేరిన అజ్రా మొదటిసారి అది చూసి, తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది. దూది ఎగిరే చోట అది మంచిది కాదు.

ఒకసారి జైపాల్‌రావు జీపు మొరాయించింది.

"దీని ముందట కొత్త జీపు బేరం చేసిన్రా పటేలా?" అన్నాడు లింగమూర్తి.

"నిన్న మా బావమర్దితోని మాట్లాడిన. గీడనే నిలబడి."

"ఇంకేంది మరి. కండ్లు మూసుకుని జర తప్పైందనున్రి."

అంత పెద్ద మిల్లుకు యజమాని, కూలీలందరూ చూస్తుండగా కళ్లు మూసుకుని జీపుకు దండం పెట్టాడు. జీపు బయలుదేరింది. ఆ దండం పూర్తయ్యేలోపు లింగమూర్తి బండి కింద దూరి ఏం చేశాడో జైపాల్‌రావు చూడలేదు.

తొంభై ఏడులో, పత్తి దిగే రోజుల్లో, ఒక యంత్రం అలక అజ్రా ఉద్యోగం మీదికే వచ్చింది. కాంటా మీద తూచిన పత్తికి కంప్యూటరులో చిట్టీ కొట్టివ్వడం ఆమె పని. ఆ కంప్యూటరు హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసింది. స్విచ్ వేస్తే తెర మీద అక్షరాలు, పెళ్లికి పిలవని చుట్టాల్లా, మొహమాటపడుతూ ఒక్కొక్కటే వచ్చేవి. పూర్తిగా లేచేసరికి నలభై నిమిషాలు. అజ్రా ముధోల్ నుంచి వచ్చే బస్సు ఎనిమిదిన్నరకు దింపేది, తూకం కూడా ఎనిమిదిన్నరకే. తొమ్మిదయ్యేసరికి ఎడ్లబండ్ల వరుస గేటు దాటి రోడ్డెక్కేది.

"సోమారం దాక చూస్త," అన్నాడు జైపాల్‌రావు. "అప్పటికి గిది జల్ది లేవకపోతే, పాత లెక్కనే చిట్టీలు చేతితోని రాయిస్త. నువ్వు వేరే కొలువు చూసుకో అజ్రా."

వాళ్లింట్లో ఉద్యోగానికి గడప దాటిన మొదటి ఆడపిల్ల ఆమె. నెల తిరక్కుండా తిరిగొస్తుందన్న పెద్దమ్మ, రోజూ సాయంత్రం "లేచిందా మీ మిషను?" అని అడిగేది.

లింగమూర్తి రంగంలోకి దిగాడు. కంప్యూటరు డబ్బా విప్పితే లోపల దిండుకు సరిపడా దూది దొరికింది. పనికిరాని ఫైళ్లన్నీ అజ్రా తీసేసింది. నలభై నిమిషాలు ముప్పై అయిదయ్యాయి.

"కడుపు ఖాళీ అయింది. మనసింక కుదుటపడలే," అన్నాడాయన. శనివారం చిల్లులు పెట్టిన చెక్కపెట్టె ఒకటి చేసి, డబ్బాను అందులో పెట్టి, తాళం వేసి, తాను టీవీ అని పిలిచే తెరను దాని మీద కూర్చోబెట్టాడు.

"కింది బటన్ల వేలు పెట్టి గట్ల పొడిస్తే ఎవరికైనా కోపమొస్తది బిడ్డా. సోమారం సంది పైన టీవీ బటన్ ఒక్కటే ఒత్తు. పొద్దుగూకినంక దాన్ని పండబెట్టుడు నా జిమ్మ."

సోమవారం అజ్రా టీవీ బటన్ ఒత్తింది. తెర టక్కున తెరుచుకుంది. జైపాల్‌రావు కుర్చీలోంచి లేచాడు. రైతులు కిటికీలో తలలు దూర్చి చూశారు. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. అజ్రా తన ఆరు నెలల కోర్సు నోటుబుక్కు మొత్తం తిరగేసింది. అందులో అలక గురించి ఒక్క ముక్క లేదు.

మూడు వారాల తర్వాత ఒక రోజు, ముధోల్ నుంచి పత్తి ట్రాక్టరు వస్తుంటే ఎక్కి, ఏడున్నరకే మిల్లుకు చేరిందామె. పత్తి గింజలు తీసే జిన్ను యంత్రాలు ఇంకా మొదలు కాలేదు. ఆఫీసు గదిలో కంబళి కప్పుకుని, చెక్కపెట్టె పక్కన స్టూలు మీద లింగమూర్తి కూర్చుని ఉన్నాడు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే మొహమాటపడుతూ వస్తున్నాయి.

"నిమ్మళంగ లే. బిడ్డ వచ్చేయాళ్లకు లేస్తే చాలు," అంటున్నాడు దానితో.

అజ్రాకు అంతా అర్థమైంది. పత్తికి నిప్పు భయమని మిల్లులో రాత్రిపూట కరెంటు మెయిన్ ఆపేస్తారు. ఆయన రోజూ గంట ముందొచ్చి, మెయిన్ వేసి, దాన్ని లేపి, టీవీ ఒక్కటి ఆర్పి పెడుతున్నాడు. తర్వాత జిన్నుల మోతలో పెట్టె లోపలి చప్పుడు ఎవరికి వినపడుతుంది? ఆ ముప్పై అయిదు నిమిషాల్లో ఒక్కటి కూడా తగ్గలేదు.

"రోజూ గింత పొద్దుగాల వస్తున్నవా కాకా?"

"నీ బస్సు గప్పుడు రాదు గదా బిడ్డా."

"అంటే ఇది అలగలే. ముసలిదైంది, అంతే గదా."

లింగమూర్తి నొచ్చుకున్నాడు. "మెల్లగ అను, దానికి ఇనవడ్తది. అలిగింది కాబట్టే వస్తున్న. అలిగినోళ్ల పక్కన ఎవరో ఒకరు కూసోవాలె గదా."

అజ్రాకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందంటే, ఆ ఊపులో పెద్దమ్మ మీద కోపం కూడా పోయింది. టీవీ ఆర్పి కూర్చుంది.

తూకం వేళకు జైపాల్‌రావు హుషారుగా వచ్చాడు. "లింగమూర్తీ, నిర్మల్ల మా బావమర్ది కంప్యూటర్ గూడ గిట్లనే సతాయిస్తుందట. రేపు పొయ్యి దాని అలక తీర్చిరా."

లింగమూర్తి ముఖం చిన్నబోయింది. ఒక్క మనిషి రెండు ఊళ్లలో పొద్దున్నే ఎక్కడని కూర్చుంటాడు?

అజ్రా నల్లగా ఉన్న తెర చూపించి గొంతు తగ్గించింది. "సార్, దీని ముందటనే వేరే కంప్యూటర్ ముచ్చట తీస్తున్నరు."

జైపాల్‌రావుకు జీపు గుర్తొచ్చింది. నిర్మల్ మాట అక్కడే వదిలేసి చెక్కపెట్టె వైపు తిరిగి, కళ్లు మూసుకుని, చేతులు జోడించాడు.

ఆయన కళ్లు తెరిచేలోపు అజ్రా టీవీ బటన్ ఒత్తేసింది.